వజ్రాల పొలాల్లో ధర్మసమ్మతమైన సంపాదన

మృగశిర కార్తె తొలకరి జల్లులకు ఎర్రనేల తడిసిందంటే చాలు, అనంతపురం జిల్లా వజ్రకరూరు పరిసరాల పొలాలకూ, జిల్లా సరిహద్దు దాటి కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతాల పొలాలకూ జనం తరలివస్తారు. తెల్లవారకముందే చేరుకుని, నడుము వంచి, చూపును నేలపై నిలిపి అడుగులో అడుగు వేసుకుంటూ వెదుకుతారు. మెరిసిన ప్రతి రాయినీ చేతిలోకి తీసుకుని, మట్టి తుడిచి, వెలుతురుకు ఎత్తి చూస్తారు. అధిక భాగం పలుగురాళ్లే. వాటిని పారవేసి మరల ముందుకు సాగుతారు. స్థానికులతో పాటు పొరుగు జిల్లాల నుండి, కర్ణాటక నుండి కూడా కూలీలు కుటుంబాలతో సహా వచ్చి, చెట్ల క్రింద వంట చేసుకుంటూ రోజుల తరబడి అక్కడే ఉంటారు. వారిలో మన సోదరులు, సోదరీమణులు కూడా ఉన్నారు. కనుక ఈ విషయం మన కుటుంబ పత్రికలో చర్చించదగినదే.

ప్రతి వేసవి చివర పత్రికలలో ఒకటి రెండు వార్తలు వస్తాయి. ఫలానా పొలంలో కూలీకి వజ్రం దొరికింది, లక్షల రూపాయలకు వ్యాపారి కొనుగోలు చేశాడు అన్నది వాటి సారాంశం. ఆ వార్తను చదివిన వేలాది మంది ఆశతో బయలుదేరుతారు. దొరకనివారి వార్త ఏ పత్రికలోనూ రాదు. దొరికినవారికి న్యాయమైన ధర లభించిందా అన్నది కూడా ఎవరూ అడగరు. వజ్రం దొరకడం, దొరకకపోవడం అల్లాహ్ నిర్ణయం. అయితే ఎవరి భూమిలో వెదకాలి, ఎటువంటి ఒప్పందంతో వెదకాలి, దొరికినదానిని ఏ ధరకు అమ్మాలి అన్నవి మాత్రం మనుషుల చేతిలో ఉన్న విషయాలు. ఈ వ్యాసంలో మనం పరిశీలించవలసినది ఈ రెండవ కోవకు చెందిన విషయాలనే.

రాయి ఎక్కడి నుండి వచ్చింది?

వజ్రం భూమి ఉపరితలంపై పుట్టినది కాదు. దాదాపు 150 కిలోమీటర్లకు పైబడిన లోతులో, అపారమైన వేడిమి, ఒత్తిడి మధ్య స్వచ్ఛమైన కర్బనం స్ఫటికంగా మారడం వలన అది ఏర్పడుతుంది. ఆ లోతు నుండి ఒక ప్రత్యేకమైన శిలాద్రవం భూమి పొరలను చీల్చుకుని వేగంగా పైకి ఎగసినప్పుడు తనతో పాటు వజ్రాలను కూడా మోసుకువస్తుంది. అది చల్లారి గట్టిపడగా ఏర్పడిన శిలను కింబర్‌లైట్ అంటారు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణం పేరు మీద ఈ నామకరణం జరిగింది. క్యారెట్ దుంప ఆకారంలో, పైన వెడల్పుగా, క్రింద సన్నగా ఉండే ఈ శిలా నాళాలు వజ్రకరూరు ప్రాంతంలో అనేకం ఉన్నాయి. వాటి వయస్సు సుమారు 110 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ ప్రాంతంలో దశాబ్దాలుగా పరిశోధనలు సాగిస్తోంది.

కోట్లాది సంవత్సరాల గాలివానలకు ఆ శిలల పైభాగం అరిగి, మట్టిగా మారి, వాగుల వెంబడి చుట్టుపక్కల నేలలపై పరచుకున్నది. వజ్రం మాత్రం అరగలేదు. ప్రకృతిసిద్ధమైన ఖనిజాలన్నిటిలో కఠినమైనది అదే. కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో పలుగురాయి స్థానం 7 కాగా వజ్రం స్థానం 10. ఈ కారణంగానే తొలకరి వానకూ వజ్రానికీ సంబంధం ఏర్పడింది. వాన నేలపై నుండి సన్నని మట్టిని కడిగివేస్తుంది. బరువైన గులకరాళ్లు మిగిలి శుభ్రపడి పైకి తేలుతాయి. పంట లేని ఆ కొద్ది వారాలలోనే నేల కనుచూపుకు అందుతుంది.

ఎంత మట్టికి ఎంత వజ్రం? మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లా మఝ్‌గవాన్ గనిలో యంత్రాలతో తవ్వే శిలలో సైతం 100 టన్నులకు సుమారు 10 క్యారెట్ల వజ్రాలే లభిస్తాయి. ఒక క్యారెట్ అంటే గ్రాములో ఐదవ వంతు. అంటే 100 టన్నుల రాతిని పిండి చేస్తే చేతికి వచ్చేది 2 గ్రాములు. వానకు కొట్టుకువచ్చిన పొలాల మట్టిలో చేతివేళ్లతో వెదికేవారికి ఏపాటి అవకాశం ఉంటుందో పాఠకులు ఊహించుకోవచ్చు.

ఒక ఉపయోగకరమైన మాట ఇక్కడే చెప్పుకుందాం. దొరికిన రాయి వజ్రమో కాదో తెలుసుకోవడానికి కొందరు దానిని సుత్తితో కొట్టి చూస్తారు. ఇది పొరపాటు. వజ్రాన్ని మరొక రాయి గీయలేదు గాని, దెబ్బ తగిలితే అది కొన్ని దిశలలో సులభంగా చీలిపోతుంది. ఈ అజ్ఞానం వలన మంచి రాయి ముక్కలైపోయే ప్రమాదం ఉన్నది. నిజమైన వజ్రం నీటికి తడవదు, జిడ్డుకు మాత్రం అతుక్కుంటుంది. ఈ గుణాన్ని ఆధారం చేసుకునే గనులలో జిడ్డు పూసిన పలకలపై కంకరను నీటితో పారించి వజ్రాలను వేరు చేసేవారు.

రుసుము చెల్లించి తవ్వడం మన నేలకు క్రొత్త కాదు

1720 దశకంలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడే వరకు ప్రపంచానికి వజ్రాలను అందించిన ప్రధాన దేశం భారతదేశమే. అందులోనూ కృష్ణా, పెన్నా పరీవాహక ప్రాంతాలదే అగ్రస్థానం. 17వ శతాబ్దంలో ఈ గనులను స్వయంగా దర్శించిన ఫ్రెంచి వర్తకుడు జీన్ బాప్టిస్ట్ తవెర్నియే తన యాత్రా గ్రంథాన్ని 1676లో ప్రచురించాడు. అతడు రావల్కొండ అని వ్రాసిన గనిని నేటి కర్నూలు జిల్లాలోని రామళ్లకోటగా చరిత్రకారులు గుర్తించారు. నాడు అది బీజాపూర్ సుల్తానుల ఏలుబడిలో ఉండేది.

అక్కడి విధానాన్ని తవెర్నియే వివరంగా వర్ణించాడు. వర్తకులు గనిలో కొంత స్థలం తీసుకుని కూలీలను పెట్టి తవ్వించేవారు. 50 మంది కూలీలను పెడితే రోజుకు 2 వరహాలు, 100 మందిని పెడితే 4 వరహాలు ప్రభుత్వానికి చెల్లించాలి. రాయి దొరికినా దొరకకపోయినా ఈ రుసుము తప్పదు. కొనుగోలుపై నూటికి 2 వంతుల సుంకం అదనం. ఇక నైపుణ్యం గల కూలీకి సంవత్సరానికి లభించేది కేవలం 3 వరహాలు. అంటే 100 మందితో తవ్వించే వర్తకుడు రాజుకు ఒక్క రోజు కట్టిన రుసుము కన్న, ఆ గనిలో రాయి పగులగొట్టిన మనిషి ఏడాది సంపాదన తక్కువ. పెద్ద రాయిని వెలికితీసిన కూలీకి తలపాగా వస్త్రం, చిన్న మొత్తం బహుమానం ఇచ్చేవారు. కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో స్త్రీలు, పిల్లలతో కలిపి 60,000 మంది పనిచేసేవారని అతడు వ్రాశాడు. కోహినూరు పుట్టినిల్లుగా పేరుపొందిన గని అది. ఆ రాయి పేరు ప్రపంచమంతటికీ తెలుసు. దానిని మట్టి నుండి ఎత్తిన చేయి ఎవరిదో ఎవరికీ తెలియదు.

తవెర్నియే వర్ణనలో మరో రెండు విషయాలు మన చర్చకు అవసరమైనవి. వర్తకులు నలుగురిలో ఉన్నా ధర బయటపడకుండా, వస్త్రం చాటున చేతివేళ్లు నొక్కి మౌనంగా బేరం చేసేవారు. ధరను దాచడం ఈ వ్యాపారంలో నాటి నుండీ ఉన్న అలవాటు. రెండవది, వజ్ర వర్తకుల పిల్లలు ప్రతి ఉదయం చెట్టు నీడన త్రాసు, తూనికరాళ్లతో కూర్చుని చిన్న రాళ్లను కొని, సాయంత్రం అమ్మి, లాభాన్ని పంచుకునేవారు. వారి నాయకునికి మాత్రం కొంచెం ఎక్కువ వాటా. ఆ పిల్లలకు వాటాలు ముందే తెలుసు. నేటి పెద్దలలో ఎందరికి తెలుసు?

వేర్వేరు దేశాలు, వేర్వేరు పద్ధతులు

నేడు ప్రపంచంలో కొన్ని చోట్ల ప్రజలే రుసుము చెల్లించి రత్నాలను వెదుక్కునే ఏర్పాట్లు ఉన్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం పాలా ప్రాంతంలో టూర్మలిన్ అనే రంగురాళ్ల గనులు ఉన్నాయి. టూర్మలిన్ అన్న పేరు సింహళ భాష నుండి వచ్చింది. ఈ ప్రాంతపు గులాబీ రంగు రాయిని చైనా రాజమాత సిక్సీ ఎంతగానో ఇష్టపడటంతో, ఒకప్పుడు అక్కడి గనులకు చైనాయే ప్రధాన విపణి అయింది. ఆ రాజవంశం 1912లో అంతరించగా ఆ వ్యాపారం కూడా కుప్పకూలింది. ఇప్పుడు అక్కడి ఒక గనిలో సందర్శకులు రుసుము కట్టి, గని నుండి తెచ్చి పోసిన మట్టిని కొన్ని గంటల పాటు జల్లెడ పట్టుకుంటారు. దొరికిన రాళ్లు వారివే.

అదే దేశంలోని ఆర్కాన్సా రాష్ట్రంలో ఒక వజ్రాల క్షేత్రం ఉన్నది. 1906లో ఒక రైతు తన పొలంలో వజ్రాలను కనుగొన్నాడు. 1972లో ప్రభుత్వం ఆ స్థలాన్ని ఉద్యానవనంగా మార్చింది. ప్రవేశ రుసుము చెల్లించినవారు అక్కడ వెదకవచ్చు. దొరికిన వజ్రం దొరికినవారికే చెందుతుంది. అది అసలైన వజ్రమేనా, బరువెంత అన్నది సిబ్బంది ఉచితంగా పరీక్షించి వ్రాసి ఇస్తారు. అక్కడికి వచ్చే వారందరికీ కలిపి రోజుకు సగటున ఒకటి రెండు వజ్రాలు దొరుకుతాయి. వాటిలో చాలా వరకు చిన్నవే.

మన దేశంలో పన్నా జిల్లాలో ఇంకొక పద్ధతి ఉన్నది. ప్రభుత్వం 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల చిన్న స్థలాలను ఏడాదికి 200 రూపాయల స్వల్ప రుసుముపై పేదలకు సైతం కౌలుకు ఇస్తుంది. దొరికిన వజ్రాన్ని జిల్లా వజ్ర కార్యాలయంలో అప్పగించాలి. అక్కడ తూకం వేసి, విలువ కట్టి, బహిరంగ వేలంలో అమ్ముతారు. రాయల్టీ క్రింద నూటికి పదకొండున్నర వంతులు, వర్తించే పన్నులు మినహాయించి మిగిలిన సొమ్మును తవ్వినవానికి చెల్లిస్తారు. అక్కడ కూడా ఏళ్ల తరబడి తవ్వి ఏమీ పొందనివారే ఎక్కువ. అయినా దొరికిన రోజున ధర ఎంత అన్నది అందరి ఎదుట తేలుతుంది.

వజ్రకరూరు, జొన్నగిరి పొలాలలో ఇటువంటి ఏర్పాటు లేదు. ప్రభుత్వ కౌలు లేకుండా ఖనిజం తవ్వడం 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం నేరం. జనం ఎక్కువగా పైపైన ఏరుకుంటారు గాని, వారి మనసులో భయం ఉండనే ఉంటుంది. భయం ఉన్నచోట గోప్యత, గోప్యత ఉన్నచోట మోసం చోటు చేసుకుంటాయి.

మొదటి ప్రశ్న: ఆ నేల ఎవరిది?

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో మిక్కిలి తక్కువ వర్షపాతం గల జిల్లాలలో ఇది ఒకటి. ఇక్కడి రైతు ఆ కొద్దిపాటి వానను నమ్ముకుని వేరుశనగ విత్తుతాడు. అదును తప్పితే ఆ ఏడాది పంట తప్పినట్లే. సరిగ్గా ఆ అదునులోనే వందలాది పాదాలు అతని పొలాన్ని తొక్కుతాయి. గట్లు తెగుతాయి, గుంతలు పడతాయి, మొలకలు నలుగుతాయి. రైతులు కంచె వేయడం, ప్రవేశం లేదని బోర్డు పెట్టడం, వాగ్వాదాలు జరగడం ఈ గ్రామాలలో సాధారణమైపోయింది.

ఇతరుల భూమిని అన్యాయంగా ఆక్రమించడం విషయంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) ఎంతో తీవ్రంగా హెచ్చరించారు. జానెడు నేల సైతం ఆ హెచ్చరిక పరిధిలోకి వస్తుంది. "నేను భూమిని తీసుకోవడం లేదు, రాయి మాత్రమే ఏరుకుంటున్నాను" అని కొందరు వాదిస్తారు. కాని యజమాని అనుమతి లేకుండా ప్రవేశించి, విత్తిన చేనుకు నష్టం కలిగించినవాడు ఆ నష్టానికి బాధ్యుడని ధర్మశాస్త్రవేత్తలు స్పష్టం చేశారు. ఒకరి స్వంత భూమిలో బయల్పడిన ఖనిజంపై భూమి యజమానికి హక్కు ఉంటుందన్నది హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలలోని ప్రసిద్ధ నియమం. ఎవరికీ చెందని బీడు నేల విషయం వేరు. కనుక మొదటి అడుగు వేయడానికి ముందు రైతు వద్దకు వెళ్లి అనుమతి కోరాలి. దొరికితే అతనికెంత, వెదికినవారికెంత అన్నది అప్పుడే నిర్ణయించుకోవాలి. విత్తిన పొలంలో అయితే అడగడం కూడా ఉచితం కాదు.

రెండవ ప్రశ్న: ఒప్పందం ఏమిటి?

కొందరు వ్యాపారులు కూలీలను తీసుకువచ్చి, భోజనం పెట్టి, రోజు కూలి చెల్లించి వెదికిస్తారు. మరికొందరు అడ్వాన్సు ఇచ్చి, దొరికిన రాయిని తమకే అమ్మాలని షరతు పెడతారు. మా మదర్సాలో చదివే ఒక పిల్లవాని తండ్రి ఒకసారి వచ్చి నన్ను ఇలా అడిగాడు: "హజ్రత్, సేటు మాకు దినానికింత అని కూలి ఇస్తాడు. రాయి దొరికితే నాకే ఇవ్వాల అంటాడు. దొరికినాక దాచిపెట్టుకుంటే తప్పా?"

"కూలి ఎంతో, ఎన్ని దినాలో ముందే మాట్లాడుకున్నారా బాబూ?" అని అడిగాను.

"మాట్లాడుకున్నాం హజ్రత్. పొద్దున్నుంచి పొద్దు గూకేదాకా."

"అట్లయితే ఆ వేళలో నీకు దొరికింది అతనికి చెందుతుంది. దాచడం అమానత్‌లో ద్రోహం. అతను కూడా ఇస్తానన్న కూలి ఒక్క పూట ఆపకూడదు."

పనివేళ, వేతనం నిర్ణీతమైనప్పుడు, అందరికీ సమానంగా లభ్యమయ్యే వస్తువులను సేకరించడానికి కూలీని నియమించుకోవడం చెల్లుతుందనీ, సేకరించినది నియమించినవానికే చెందుతుందనీ హనఫీ ఫుఖహా పేర్కొన్నారు. అడవిలో కట్టెలు కొట్టడం, వేటాడటం వారు ఇచ్చిన ఉదాహరణలు. వేళ నిర్ణయించకుండా, కూలి చెప్పకుండా, "దొరికితే చూద్దాం" అని తీసుకుపోవడం చెల్లదు. అది తగాదాకు మూలం.

నలుగురు మిత్రులు కలిసి వెదికి, ఎవరికి దొరికినా పంచుకుందామని అనుకోవడంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కట్టెలు, గడ్డి వంటి ఎవరికీ చెందని వస్తువుల సేకరణలో భాగస్వామ్యం హనఫీల వద్ద చెల్లదు, ఎవరు సేకరించినది వారిదే. మాలికీ, హంబలీ ఫుఖహా దానిని అనుమతించారు. బద్ర్ యుద్ధ సందర్భంలో ముగ్గురు సహాబాలు తమకు లభించేదానిలో భాగస్వాములుగా ఉండటానికి అంగీకరించుకున్న ఉదంతాన్ని వారు ఆధారంగా చూపుతారు. కనుక బయలుదేరే ముందే తమ ఊరి ముఫ్తీని సంప్రదించి, ఇద్దరు సాక్షుల సమక్షంలో నిర్ణయించుకోవడం ఉత్తమం.

మరి రుసుము చెల్లించి తవ్వుకోవడం మాటేమిటి? పూర్వం ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు, "ఈ ఒక్క మునకలో నాకు చిక్కినదంతా ఇంత ధరకు నీకు అమ్ముతున్నాను" అని బేరం పెట్టేవాడు. ఫుఖహా దీనిని నిషిద్ధ వ్యాపారాలలో చేర్చారు. ఏమున్నదో, అసలు ఉన్నదో లేదో తెలియని దానిని అమ్మడం 'గరర్' అవుతుంది. ఒకరు నష్టపోతేనే మరొకరు లాభపడే జూదానికి అది దగ్గరి బంధువు. "ఈ ఎకరంలో దొరికేదంతా నీదే, 50 వేలు ఇవ్వు" అనే బేరం ఈ కోవలోకే వస్తుంది. అందుకు భిన్నంగా, ప్రవేశానికి, పనిముట్లకు, నీటికి, నిర్ణీత సమయానికి రుసుము తీసుకుని, దొరికినదానిని యజమాని తన ఇష్టంతో వదులుకుంటే పరిస్థితి వేరుగా ఉంటుంది. ఈ రెంటి మధ్య గీత సన్ననిది. ఆచరణకు ముందు ఆలిములను అడిగి తెలుసుకోవాలి.

మూడవ ప్రశ్న: ధర ఎవరు చెప్పాలి?

నా దృష్టిలో అన్నిటికన్న పెద్ద అన్యాయం ఇక్కడే జరుగుతుంది. వజ్రం విలువ బరువు ఒక్కదానితోనే తేలదు. రంగు, స్వచ్ఛత, లోపలి పగుళ్లు, సానపట్టిన తరువాత మిగిలే బరువు, ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయి. వీటిని అంచనా వేయగల కన్ను కొనేవానికి ఉంటుంది, దొరికినవానికి ఉండదు. పైగా దొరికినవాడు భయంలో ఉంటాడు. పోలీసులకు తెలుస్తుందేమో, రైతు వాటా అడుగుతాడేమో, రాత్రికి ఎవరైనా దోచుకుంటారేమో అన్న ఆందోళనతో, సూర్యుడు అస్తమించకముందే రాయిని వదిలించుకోవాలనుకుంటాడు. దళారికి కావలసినది ఆ తొందరే.

పల్లెల నుండి సరుకు తెచ్చే బిడారులకు సంత చేరకముందే ఎదురేగి, దారిలోనే కొనుగోలు చేయడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. విపణిలో ధర ఎంతో ఆ బాటసారికి తెలియదు, ఎదురేగినవానికి తెలుసు. ఆ తెలియనితనాన్ని సొమ్ము చేసుకోవడమే నిషేధానికి కారణం. 1400 ఏళ్ల నాటి ఆ బిడారుకూ, తడిసిన పొలంలో రాయి పట్టుకుని నిలబడిన కూలీకీ తేడా ఏమున్నది? కొనేవారిలో ముస్లిం వ్యాపారులు ఉంటే వారు ఈ ఆదేశాన్ని జ్ఞాపకం ఉంచుకోవాలి. లాభం తీసుకోవడం ధర్మమే. ఎదుటివానికి అతని వస్తువు విలువను దాచి, అబద్ధపు లోపాలు చూపి, విలువలో చిన్న భాగాన్ని అతని చేతిలో పెట్టి పంపడం ధర్మం కాదు. అమ్మేవారు సైతం తొందరపడక, ఒక్కరికే చూపక, రసీదు, తూకం వ్రాయించుకోవాలి.

పన్నాలో ఉన్నటువంటి కార్యాలయం ఒకటి ఈ ప్రాంతంలోనూ ఉంటే, రైతుకూ, కూలీకీ, ప్రభుత్వానికీ న్యాయం జరిగే మార్గం తెరుచుకుంటుంది. స్వల్ప రుసుముతో అనుమతి, హద్దులు గుర్తించిన నేల, రైతుకు నిర్ణీత వాటా, బహిరంగ వేలం అన్నవి సాధ్యం కాని కోరికలు కావు. ఆ గ్రామాల పెద్దలు, మసీదు కమిటీలు, రైతు సంఘాలు కలిసి ఈ వినతిని జిల్లా అధికారుల ముందు ఉంచవచ్చు.

ఇంటిలో ఆలోచించవలసినవి

ఈ వెదుకులాట కోసం వడ్డీకి అప్పు తెచ్చేవారు ఉన్నారు. దొరకని వజ్రంపై వడ్డీ మాత్రం ప్రతి నెలా పెరుగుతుంది. బడులు తెరిచే రోజులలో పిల్లలను పొలాల వెంట త్రిప్పేవారు ఉన్నారు. పిల్లల కళ్లు పదునైనవి, రాయి త్వరగా కనిపెడతారని వారి లెక్క. ఆ పదునైన కళ్లకు పుస్తకం చూపవలసిన వయస్సు అది. సీజను పది వారాలు, చదువు జీవితకాలం.

జాతకం చెప్పించుకుని ఫలానా దిక్కున దొరుకుతుందని నమ్మడం, తావీజు కట్టుకుని బయలుదేరడం, ఫలానా రాయి ధరిస్తే అదృష్టం మారుతుందనుకోవడం మన విశ్వాసానికి హాని చేసేవి. ప్రవక్త (స) వెండి ఉంగరం ధరించారు, దానికి అబిసీనియా రాయి పొదగబడి ఉండేదని హదీసులలో ఉన్నది. రాయి అలంకారం మాత్రమే. లాభనష్టాలు కలిగించే శక్తి దానికి లేదు.

వజ్రం దొరికి, అమ్మి, సొమ్ము చేతికి వస్తే దానిపై బాధ్యతలు ఏమిటని కొందరు అడుగుతారు. శ్రీకృష్ణదేవరాయల కాలంనాటి నిధులు జొన్నగిరి ప్రాంతంలో ఉన్నాయని జనం చెప్పుకుంటారు. పూర్వులు పాతిపెట్టిన నిధి 'రికాజ్' అవుతుంది, అందులో ఐదవ వంతు చెల్లించవలసి ఉంటుంది. నేలలో సహజంగా పుట్టిన వజ్రం దానికి భిన్నమైనది. నిప్పులో కరగని రత్నాలపై ఐదవ వంతు విధి లేదని హనఫీల అభిప్రాయం. స్వంతానికి ధరించే వజ్రంపై జకాత్ లేదు. వ్యాపారం కోసం ఉంచిన వజ్రం విలువపైనా, అమ్మగా వచ్చి నిలువ ఉన్న సొమ్ముపైనా, నిసాబ్ ఉండి చాంద్రమాన సంవత్సరం పూర్తయితే రెండున్నర శాతం జకాత్ చెల్లించాలి.

కరువు సీమలో కూలి దొరకని రోజులలో నేలను వెదికి బ్రదుకుదామనుకోవడాన్ని నేను తప్పుపట్టను. చేయి చాచి అడగడం కన్న కట్టెల మోపు మోసి అమ్ముకోవడం మేలని ప్రవక్త (స) బోధించారు. రాళ్లు ఏరడం కూడా శ్రమే. అయితే ఆ శ్రమకు ఒక హద్దు పెట్టుకోవాలి. ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అన్నది ఇంటిలో భార్యాభర్తలు కూర్చుని ముందే నిర్ణయించుకోవాలి. ఆ గడువు తీరితే ఖాళీ చేతులతోనైనా వెనుకకు మరలాలి. అనుమతి అడిగి వెదికినవాడు, మాట తప్పని కూలీ, ధర దాచని వ్యాపారి, రాయి దొరికినా దొరకకపోయినా, సాయంత్రం తమ పిల్లల ముందు హలాల్ ముద్ద పెట్టగలుగుతారు. ఈ తొలకరికి బయలుదేరే ప్రతి కుటుంబం ముందుగా ఆ రైతు ఇంటి తలుపు తట్టి సలాం చెప్పి అనుమతి కోరుగాక.